కృష్ణబిలాలు వేరొక విశ్వానికి ద్వారాలా? – ఒక శాస్త్రీయ, వేదాంత పరిశీలన

ప్రస్తావన

ఇంగ్లీషులో బ్లాక్ హోల్ అని పిలువబడే కృష్ణబిలం గుండా వేరొక విశ్వంలోనికి వెళ్ళవచ్చునా అనే ప్రశ్న ఇప్పుడు శాస్త్రజ్ఞుల సభలకే పరిమితమై లేదు. సినిమాల ద్వారా, సెల్‌ఫోన్లలో చూసే వీడియోల ద్వారా అది మన సంఘాల యువజన కూటములలోనికి కూడ వచ్చింది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాలనే తీసుకుందాం. ఈ మూడూ బెంగళూరుకు వెళ్ళే ఒకే రైలు మార్గం మీద ఉన్నాయి. ఇక్కడి విశ్వాస కుటుంబాల పిల్లలు ఎందరో ఆ దారిన వెళ్ళి ఇంజనీరింగు, సైన్సు చదువుకుంటున్నారు. అలాంటి యువకుడు సెలవులకు ఇంటికి వచ్చి తన కాపరిని అడగదగిన ప్రశ్నలు మూడు. వేరే విశ్వాలు నిజంగా ఉన్నాయా? ఉంటే వాటిని కూడ దేవుడే సృష్టించాడా? పరలోకము, పాతాళము అనేవి అలాంటి చోట్లేనా?

ఈ ప్రశ్నలను అవిశ్వాసుల కల్పనలని కొట్టివేయడం ఒక పొరపాటు. ఇవన్నీ బైబిలులో ముందే వ్రాయబడి ఉన్నాయని ఉత్సాహంగా ప్రసంగించడం మరొక పొరపాటు. మొదటి దాని వలన చదువుకున్న యువకుడు సంఘంలో ప్రశ్నలు అడగడం మానేస్తాడు. రెండవ దాని వలన, రేపు ఆ శాస్త్ర సిద్ధాంతం మారినప్పుడు, అతడు వాక్యాన్నే అనుమానిస్తాడు. కనుక కృష్ణబిలాల గూర్చి ఏమి తెలిసింది, ఏది ఇంకా ఊహ మాత్రమే, ఈ విషయంలో విశ్వాసం ఎక్కడ నిలుస్తుంది అనే మూడు సంగతులను ఈ వ్యాసంలో వరుసగా పరిశీలిద్దాం.

1. కృష్ణబిలం అంటే ఏమిటి?

పేరులో బిలం అని ఉన్నా, కృష్ణబిలం నేలలో ఉండే గుంత వంటిది కాదు. ఎంతో పదార్థం అతి చిన్న చోటులోనికి కుదించుకుపోయినప్పుడు, అక్కడి గురుత్వాకర్షణ నుండి వెలుగు సైతం తప్పించుకోలేదు. లోపలికి వెళ్ళిన వెలుగు తిరిగి రాలేని ఆ సరిహద్దును ఘటనా దిగంతం అంటారు. సూర్యుడు కృష్ణబిలం కావాలంటే అతడిని 3 కి.మీ. వ్యాసార్థం గల గోళంలోనికి నొక్కాలి. భూమినైతే పిల్లలు ఆడుకునే గోళీ అంత చేయాలి. సూర్యునికి 10 రెట్లు బరువున్న కృష్ణబిలం వ్యాసార్థం సుమారు 30 కి.మీ. ఉంటుంది. దాని కేంద్రం పెనుకొండలో ఉన్నదనుకుంటే, నేరుగా గీత గీసి కొలిచినప్పుడు, దాని అంచు దక్షిణాన హిందూపురం దాకా వస్తుంది. ఉత్తరాన ధర్మవరానికి కొంచెం ఇవతల ఆగుతుంది. పది సూర్యుల పదార్థం అంతటి చోటులోపల ఉన్నదని ఊహిస్తే దాని బలం కొంత అర్థమవుతుంది.

మన సూర్యుడు ఎన్నటికీ కృష్ణబిలం కాడు. అతనికంటె సుమారు 20 రెట్లు లేక అంతకు మించి పెద్దవైన నక్షత్రాలు తమ ఇంధనం తరిగిపోయినప్పుడు కుప్పకూలి ఇలా మారుతాయి. ఇవి గాక పాలపుంతల నడుమ లక్షల, కోట్ల సూర్యుల బరువు గల మహా కృష్ణబిలాలు ఉన్నాయి.

కాపరులు గుర్తుంచుకోదగిన ఒక సంగతి ఏమనగా, ఈ తలంపును మొట్టమొదట వెల్లడించినవాడు ఒక సంఘకాపరియే. ఇంగ్లాండులోని థార్న్‌హిల్ అనే గ్రామ సంఘానికి పాదిరిగా ఉండిన జాన్ మిచెల్, సూర్యునితో సమానమైన సాంద్రత కలిగి, సూర్యుని కంటె 500 రెట్లు వ్యాసం గల నక్షత్రం ఉంటే, దాని వెలుగు దాని ఆకర్షణను దాటి రాలేదని లెక్క కట్టాడు. 1783 నవంబరులో ఆయన వ్రాత లండనులోని రాయల్ సొసైటీలో చదువబడింది. అలాంటి నక్షత్రం కంటికి కనబడకపోయినా, దాని చుట్టూ తిరిగే వేరొక నక్షత్రపు కదలికను బట్టి దాన్ని కనిపెట్టవచ్చునని కూడ ఆయన సూచించాడు. మన పాలపుంత మధ్యలో 40 లక్షల సూర్యుల బరువున్న వస్తువును రైన్‌హార్డ్ గెంజెల్, ఆండ్రియా గేజ్ బృందాలు ఇదే పద్ధతిలో, చుట్టూ తిరిగే నక్షత్రాల కదలికను బట్టి గుర్తించాయి. వారికి 2020లో నోబెల్ బహుమతి లభించింది.

2. వేరొక విశ్వం అనే తలంపు ఎక్కడ నుండి వచ్చింది?

అల్బర్ట్ ఐన్‌స్టైన్ 1915లో పూర్తి చేసిన సాధారణ సాపేక్ష సిద్ధాంతం ప్రకారం, గురుత్వాకర్షణ అంటే స్థలము, కాలము కలిసిన ఒకే అల్లికలో ఏర్పడే వంపు. ఆ సమీకరణాలకు కార్ల్ ష్వార్జ్‌షిల్డ్ 1916లో ఒక పరిష్కారం ప్రకటించాడు. అందులో ఘటనా దిగంతం వద్ద లెక్క చెడిపోయినట్లు కనబడేది. అది కొలిచే పద్ధతిలోని లోపమే గాని నిజమైన అంతం కాదని 1933లో చూపినవాడు బెల్జియం దేశపు క్యాథలిక్ గురువు జార్జి లెమేత్ర్. ఆ విధంగా, దిగంతాన్ని దాటి లోపలికి వెళ్ళే దారి గణితంలో ఏర్పడింది.

1935లో ఐన్‌స్టైన్, నాథన్ రోజెన్ ఇద్దరూ ఆ పరిష్కారాన్ని వేరొక కోణంలో చూసి, అందులో రెండు వేర్వేరు స్థలాలను కలిపే వంతెన వంటిది ఉన్నదని వ్రాశారు. ధర్మవరం నేతగాళ్ళకు ఇది సులభంగా అర్థమయ్యే సంగతి. రెండు పట్టు బట్టలను ఒకదాని మీద ఒకటి, తగలకుండా పరచండి. రెంటిలోనూ ఒకే చోట రంధ్రం చేసి, ఆ రెండు అంచులను గొట్టం వలె కలిపి కుట్టండి. పై బట్ట మీద పాకే చీమ ఆ గొట్టం గుండా కింది బట్ట మీదికి వెళ్ళగలదు. పై బట్ట మన విశ్వమైతే, కింది బట్ట వేరొక విశ్వం. ఈ గొట్టానికే 1957లో జాన్ వీలర్ వార్మ్‌హోల్ అనే పేరు పెట్టాడు. పురుగు తొలిచిన రంధ్రం అని దాని అర్థం.

1963లో న్యూజీలాండుకు చెందిన రాయ్ కెర్ తిరుగుతున్న కృష్ణబిలానికి పరిష్కారం కనుగొన్నాడు. దాని లెక్కను చివరి వరకు కొనసాగిస్తే ఒకటి కాదు, ఒకదాని వెంట ఒకటిగా అంతులేనన్ని విశ్వాలు కనిపిస్తాయి. పైగా అందులో, లోపలికి వెళ్ళినవాడు నడుమ ఉన్న వినాశకర ప్రాంతాన్ని తప్పించుకుని వెళ్ళే దారి కూడ ఉన్నది. వేరొక విశ్వానికి దారి అని పుస్తకాలలో, సినిమాలలో వినబడే మాటలకు మూలం ఈ రెండు లెక్కలే.

3. ఆ ద్వారం ఎందుకు తెరుచుకోదు?

పటంలో దారి గీసి ఉన్నంత మాత్రాన కొండ మీద దారి ఉన్నట్లు కాదు. పై రెండు లెక్కలకు మూడు గట్టి అభ్యంతరాలు ఉన్నాయి.

మొదటిది, వంతెన నిలువదు. 1962లో రాబర్ట్ ఫుల్లర్, జాన్ వీలర్ లెక్కించి, ఆ వంతెన ఏర్పడి తెగిపోయేంత సేపటిలో వెలుగు కూడ ఒక వైపు నుండి మరొక వైపుకు చేరలేదని చూపారు. మన ఉపమానంలో చెప్పాలంటే, చీమ సగం దూరం పోకముందే కుట్టు ఊడిపోతుంది. పది సూర్యుల బరువున్న తిరగని కృష్ణబిలంలో దిగంతం దాటిన వ్యక్తికి మిగిలే సమయం, అతడు ఏమి చేసినా, సెకనులో ఆరు వేలవ వంతుకు మించదు. ఆ తరువాత అతడు సింగ్యులారిటీ అనబడే చోటికి చేరుతాడు. అక్కడ వంపు అనంతమై, లెక్క ఆగిపోతుంది. ఇలాంటి అంతం లెక్కలోని చిక్కు మాత్రమే కాదని, తప్పించుకోరానిదని 1965లో రోజర్ పెన్‌రోజ్ నిరూపించాడు. ఆయనకు కూడ 2020లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ నిరూపణకు ఆధారమైన సమీకరణాలలో ఒకటి కలకత్తాకు చెందిన అమల్ కుమార్ రాయ్‌చౌధురి 1955లో ప్రకటించినది.

రెండవది, రెండవ బట్ట అసలు ఉండదు. ఐన్‌స్టైన్, రోజెన్‌ల లెక్క ఆదినుండి ఎల్లప్పుడూ ఉన్న కృష్ణబిలానికి చెందినది. నిజమైన కృష్ణబిలం ఒక నక్షత్రం కూలిపోగా ఏర్పడుతుంది. అట్టి కూలిపోవడాన్ని 1939లో ఓపెన్‌హైమర్, స్నైడర్ లెక్కించారు. ఆ లెక్కలో వేరొక విశ్వం ఉండవలసిన చోటును నక్షత్రపు పదార్థమే ఆక్రమించి ఉంటుంది. కుట్టడానికి రెండో బట్టే లేనప్పుడు గొట్టం ఎక్కడిది?

మూడవది, తిరిగే కృష్ణబిలంలోని లోపలి దారి తన్ను తానే మూసుకుంటుంది. లోపలి సరిహద్దు దగ్గరకు వచ్చేసరికి, వెలుపలి నుండి వెంబడి పడే వెలుగు, శక్తి అపారంగా పోగుపడతాయి. ఎరిక్ పొయిసన్, వెర్నర్ ఇజ్రాయెల్ 1990లో చూపినట్లు, దీనివలన అక్కడి వంపు హద్దు లేకుండా పెరుగుతుంది. కనుక కెర్ లెక్కలోని విశ్వాల వరుస, దారిలో ఒక్క వెలుగు కిరణం కూడ పడని, సంపూర్ణంగా ఖాళీ అయిన కృష్ణబిలానికే వర్తిస్తుంది. అలాంటిది ప్రకృతిలో లేదు.

మరి దారిని తెరచి ఉంచలేమా? 1988లో మైకేల్ మోరిస్, కిప్ థోర్న్ దీన్ని పరిశీలించారు. గొట్టం మూసుకుపోకుండా ఉండాలంటే దాని లోపల గురుత్వాకర్షణకు విరుద్ధంగా తోసే రుణాత్మక శక్తి గల పదార్థం కావాలని తేలింది. మనిషి దాటిపోయేంత గొట్టానికి సరిపడే అట్టి పదార్థం ఎక్కడా కనబడలేదు.

4. పరిశోధనలు ఏమి చూపుతున్నాయి?

లెక్కలను విడిచి ఆకాశాన్ని చూసినప్పుడు ఏమి తెలుస్తుంది? ఇందుకు దూరం వెళ్ళనక్కరలేదు. పైన చెప్పిన రైలు మార్గం మీదనే, హిందూపురానికి దక్షిణంగా సుమారు 25 కి.మీ. దూరంలో, కర్ణాటకకు చెందిన గౌరిబిదనూరు వస్తుంది. దాని సమీపంలో బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థ, రామన్ పరిశోధనా సంస్థ కలిసి 1970లలో నిర్మించిన రేడియో దూరదర్శిని ఉన్నది. ఇంగ్లీషు టి అక్షరం ఆకారంలో, తూర్పు పడమరలుగా సుమారు 1.4 కి.మీ. పొడవున నిలువబెట్టిన 1000 ఏరియల్ తీగలతో అది 34.5 మెగాహెర్ట్‌జ్ వద్ద ఆకాశాన్ని పరిశీలించింది. ఆ రకమైన రేడియో తరంగాలలో ఆకాశంలోకెల్లా ప్రకాశవంతమైన వాటిలో ఒకటి, ఎం 87 అనే పాలపుంత. దాని మధ్యనున్న 650 కోట్ల సూర్యుల బరువు గల కృష్ణబిలం చెంత నుండి దూసుకువచ్చే పదార్థమే ఆ తరంగాలను పుట్టిస్తుంది. ఆ కృష్ణబిలపు నీడ చిత్రాన్నే 2019 ఏప్రిల్ 10న ప్రపంచమంతా చూసింది.

లోపలికి పోయేదే గాని బయటికి రానిది కృష్ణబిలం అయితే, ఈ పదార్థం ఎక్కడ నుండి వస్తున్నది? 1964లో రష్యా శాస్త్రజ్ఞుడు ఇగోర్ నోవికోవ్, 1965లో ఇజ్రాయేలు శాస్త్రజ్ఞుడు యువాల్ నీమన్, ఇటువంటి మహా కాంతిపుంజాలు శ్వేతబిలాలు కావచ్చునని సూచించారు. శ్వేతబిలం అంటే కృష్ణబిలానికి తలక్రిందులు; దాని నుండి అన్నీ వెలువడతాయే గాని ఏదీ లోపలికి పోదు. వేరొక విశ్వం నుండి మన విశ్వంలోనికి ద్వారం ఉంటే, ఈ వైపున అది ఇలాగే కనబడాలి. కాని తరువాతి పరిశీలనలు వేరొక సంగతిని స్థిరపరచాయి. ఆ కాంతి, ఆ ధార దిగంతం లోపలి నుండి రావడం లేదు. లోపల పడకముందు చుట్టూ సుడి తిరుగుతూ వేడెక్కే పదార్థం నుండే వస్తున్నాయి. నేటి వరకు ఒక్క శ్వేతబిలం కూడ రుజువు కాలేదు.

మన రాష్ట్రపు శ్రీహరికోట నుండి 2015 సెప్టెంబరు 28న ఆస్ట్రోశాట్, 2024 జనవరి 1న ఎక్స్‌పోశాట్ ఉపగ్రహాలు ఈ పరిశీలనల కొరకు ప్రయోగించబడ్డాయి. ఆస్ట్రోశాట్, అమెరికా వారి చంద్ర ఉపగ్రహం కలిసి ఇచ్చిన సమాచారం ద్వారా, ఒక కృష్ణబిలం గరిష్ఠ వేగానికి దగ్గరగా తిరుగుతున్నదని 2018లో తెలిసింది. అంటే కెర్ లెక్క చెప్పిన బయటి రూపం నిజమే. దాని లోపలి విశ్వాల వరుసకు మాత్రం సాక్ష్యం లేదు.

బెంగళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ ప్లానెటేరియం తొలి డైరెక్టరు సి. వి. విశ్వేశ్వర గారు 1970లో మరొక పరీక్షకు దారి చూపారు. కదిలించబడిన కృష్ణబిలం గంట వలె కొద్దిసేపు మ్రోగి అణగిపోతుందని ఆయన లెక్కించారు. 2015 సెప్టెంబరు 14న అమెరికాలోని లైగో పరికరాలు రెండు కృష్ణబిలాల కలయికను గురుత్వ తరంగాల రూపంలో పట్టుకున్నప్పుడు, ఆ మ్రోత చివరలో కనబడింది. విశ్వేశ్వర గారు 2017 జనవరిలో మరణించడానికి ముందు దాన్ని చూడగలిగారు. అవి కృష్ణబిలాలు గాక వార్మ్‌హోల్ నోళ్ళు అయితే, మ్రోత తరువాత ప్రతిధ్వనులు వినబడవచ్చునని కొందరి వాదన. అలాంటి ప్రతిధ్వనులు ఇంతవరకు రూఢి కాలేదు.

5. శిశు విశ్వాలు

దారి మూసి ఉన్నా, లోపల కొత్త విశ్వం పుట్టవచ్చునా అనేది వేరే ప్రశ్న. సింగ్యులారిటీ దగ్గర ఐన్‌స్టైన్ సిద్ధాంతం పనిచేయదు గనుక, అక్కడ క్వాంటం నియమాలతో కూడిన కొత్త సిద్ధాంతం కావాలి. అది ఇంకా స్థిరపడలేదు. ఆ ఖాళీలో కొన్ని ఊహలకు చోటు ఉన్నది. ప్రతి కృష్ణబిలం లోపల ఒక కొత్త విశ్వం మొలుస్తుందని లీ స్మోలిన్ 1992లో ప్రతిపాదించాడు. ఐన్‌స్టైన్ సిద్ధాంతపు మార్చిన రూపం ఆధారంగా ఇట్టి అభిప్రాయాన్నే నికొదెమ్ పోప్లావ్‌స్కి 2010లో వెలిబుచ్చాడు. స్టీఫెన్ హాకింగ్ కూడ, కృష్ణబిలంలో పడిన సమాచారం ఒక శిశు విశ్వంలోనికి పోతుందని ఒకప్పుడు తలంచాడు. 2004 జులైలో డబ్లిన్ సభలో ఆయన ఆ అభిప్రాయాన్ని బహిరంగంగా విడిచిపెట్టి, సమాచారం మన విశ్వంలోనే నిలిచి ఉంటుందని చెప్పి, దాని మీద వేసిన పందెం ఓడిపోయినట్లు ఒప్పుకున్నాడు. 2015లో స్టాక్‌హోమ్‌లో మాట్లాడుతూ, కృష్ణబిలం పెద్దదై తిరుగుతున్నదైతే వేరొక విశ్వానికి దారి ఉండవచ్చునేమో గాని తిరిగి రావడం సాధ్యం కాదని అన్నాడు. ఒకే శాస్త్రజ్ఞుని మాటలలో ఇంత మార్పు ఉన్నప్పుడు, ఆ మాటల మీద ఒక సిద్ధాంతాన్ని గాని, ఒక ప్రసంగాన్ని గాని కట్టడం తగదు.

6. వేదాంత పరిశీలన

దేవుడు సృష్టించిన విశ్వం ఒకటేనా, అనేకమా అనే ప్రశ్న సంఘానికి కొత్త కాదు. మూడవ శతాబ్దంలో ఓరిగెను ఒకదాని తరువాత ఒకటిగా లోకాలు ఉండి ఉండవచ్చునని వ్రాశాడు. పదమూడవ శతాబ్దంలో థామస్ అక్వినాసు సృష్టిలోని ఏకక్రమాన్ని బట్టి లోకం ఒకటేనని వాదించాడు. అరిస్టాటిల్ బోధను అనుసరించి కొందరు, అనేక లోకాలు అసాధ్యం గనుక దేవుడు కూడ వాటిని చేయలేడని చెప్పసాగారు. 1277 మార్చి 7న ప్యారిస్ బిషప్పు ఎతియెన్ తాంపియే ఖండించిన 219 ప్రతిపాదనలలో ఈ మాట కూడ ఒకటి. ఆయన అనేక లోకాలు ఉన్నాయని బోధించలేదు. దేవుని శక్తికి మన తత్వశాస్త్రం హద్దు గీయరాదని మాత్రమే చెప్పాడు. ఈ భేదం నేటికీ మనకు ఉపయోగకరమైనది. దేవుడు చేయగలడు అనేది ఒక మాట. ఆయన చేశాడు అనేది వేరొక మాట.

హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 1:2, 11:3 వచనాలలో మన తెలుగు బైబిలు "ప్రపంచములు" అని బహువచనం వాడింది. గ్రీకు మూలంలో అక్కడ ఉన్నది యుగములు అని కూడ అర్థమిచ్చే 'అయోన్' అనే పదపు బహువచనం. కాలాలతో సహా సమస్త సృష్టి అని ఆ సందర్భం తెలుపుతుంది. దీన్ని భౌతిక శాస్త్రపు బహుళ విశ్వాలకు రుజువుగా చూపడం మూలపాఠానికి న్యాయం చేయడం కాదు. అదే విధంగా, బహుళ విశ్వాలు ఉంటే సృష్టి సిద్ధాంతం కూలిపోతుందనే భయం కూడ అనవసరం. శూన్యం నుండి సృష్టి అనే బోధ ఎన్ని విశ్వాలు అనే లెక్కను గూర్చినది కాదు. ఉన్నదంతా దేవుని మీద ఆధారపడి ఉన్నదనే సంగతిని గూర్చినది. కొలొస్సయులకు వ్రాసిన పత్రిక 1:16, 17 వచనాల పరిధిలోనికి దృశ్యమైనవి, అదృశ్యమైనవి అన్నీ వస్తాయి. కృష్ణబిలంలో శిశు విశ్వం పుట్టినదనుకున్నా, అది శూన్యం నుండి పుట్టినది కాదు, తల్లి విశ్వం నుండి పుట్టినది. ఆ తల్లి ఎందుకు ఉన్నది అనే ప్రశ్న అలాగే నిలిచి ఉంటుంది.

ఇక కృష్ణబిలమే నరకమని, లేక ప్రకటన గ్రంథములోని అగాధమని చెప్పే బోధ. అమెరికా టెలివిజను ప్రసంగీకుడు జాక్ వాన్ ఇంపీ, ఆయన భార్య రెక్సెల్లా ఇట్టి అభిప్రాయాన్ని ప్రకటించారు. 2001లో నవ్వు పుట్టించే పరిశోధనలకు ఇచ్చే ఇగ్ నోబెల్ బహుమతి, ఖగోళ భౌతిక విభాగంలో, వారి పేర ప్రకటించబడింది. అక్కడ నవ్వులపాలైనది కృష్ణబిలం కాదు. ఐదవ శతాబ్దంలోనే అగస్టీను, ఆదికాండము మీద వ్రాసిన వ్యాఖ్యానంలో ఈ ప్రమాదాన్ని హెచ్చరించాడు. ఆకాశాన్ని గూర్చి అవిశ్వాసికి బాగా తెలిసిన సంగతులలో క్రైస్తవుడు లేఖనాల పేరిట తప్పు మాట్లాడితే, పునరుత్థానం గూర్చి అదే లేఖనాలు చెప్పే మాటను ఆ అవిశ్వాసి ఎలా నమ్ముతాడు అన్నదే ఆయన వాదన. మత్తయి 8:12లో వెలుపటి చీకటి అనే మాట దేవుని సన్నిధి నుండి వెలివేయబడటాన్ని తెలుపుతుంది. దానికి కి.మీ.లలో కొలత లేదు.

లెమేత్ర్ ఉదాహరణ ఇక్కడ శ్రేష్ఠమైనది. విశ్వం ఒక ఆది అణువు నుండి విస్తరించినదని మొదట ప్రతిపాదించిన ఆయనే, 1951లో పోపు పన్నెండవ పయస్ ఆ శాస్త్రాన్ని సృష్టి సిద్ధాంతానికి మద్దతుగా చూపినప్పుడు సంతోషించలేదు. శాస్త్ర ప్రతిపాదన శాస్త్ర ప్రమాణాల మీదనే నిలవాలి, పడాలి అని ఆయన అభిప్రాయం. విశ్వాసం తనకు తక్కువైనందున గాక, అది ఒక సమీకరణం మీద ఆనుకొని ఉండరాదని ఆయన అలా తలంచాడు.

ముగింపు

కృష్ణబిలాలు నిజంగా ఉన్నాయి. వాటి గుండా వేరొక విశ్వానికి దారి ఉన్నదని చెప్పేవి కొన్ని ఆదర్శ లెక్కలు మాత్రమే. నిజమైన నక్షత్రాలకు ఆ లెక్కలను వర్తింపజేస్తే దారి మూసుకుపోతుంది. అవతలి నుండి వచ్చినది ఏదీ ఇంతవరకు కనబడలేదు. లోపల చివర ఏమి జరుగుతుందో చెప్పగల సిద్ధాంతం మానవుని వద్ద ఇంకా లేదు. యువజన కూటంలో ప్రశ్న వచ్చినప్పుడు కాపరి ఈ నాలుగు మాటలు చెప్పగలిగితే చాలు. ప్రశ్న అడిగినవానికి తనకంటె ఎక్కువ భౌతిక శాస్త్రం తెలిసి ఉంటే, ఆ భాగాన్ని అతనినే సంఘానికి వివరించమని చెప్పవచ్చు. దాని వలన కాపరి గౌరవం తగ్గదు. ఆ యువకుడు తన చదువును సంఘం గుమ్మం వెలుపల విడిచి రావలసిన పని లేదని గ్రహిస్తాడు.